కప్పు ఎందుకు కారింది? కట్టెల మంటలో కాలిన మగ్గు చెప్పే పాఠం

తల్లిదండ్రుల పేజీ: ఈ నెల అధ్యయన వ్యాసం



మొన్న క్రాఫ్ట్ వీక్‌లో ఏడో తరగతి పిల్లలు చేసిన మట్టి కప్పులు మీ ఇళ్లకు చేరాయి. ఆ తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు ఆ కప్పును సంచిలోంచి తీసి నా బల్ల మీద పెట్టారు. "మా పాప ఇందులో వాళ్ల నాన్నగారికి కాఫీ ఇచ్చింది మేడమ్. తాగుతుండగానే అడుగు తడిసింది. టీపాయ్ మీద మరక పడింది. తనే సరిగ్గా చేయలేదనుకుని పాప ఆ కప్పును అల్మారా వెనక దాచేసింది. క్రాఫ్ట్ వీక్‌కి కూడా ఫీజు కట్టాం కదా, కారే కప్పు చేయించడం దేనికి?" అని అడిగారు.

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పొరపాటు మాదే, అదీ రెండు విధాలుగా. ఈ కప్పు తాగడానికి కాదని మీకు చీటీ రాసి పంపలేదు. కప్పు కారడం పాప చేతి తప్పు కాదని పాపకు చెప్పలేదు. రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ పాప గోడలు సమంగా లాగింది, అడుగు బాగా అతికింది, ఎక్కడా పగులు లేదు. కప్పు కారడానికి కారణం చెయ్యి కాదు, మంట. ఆ మంట సంగతి ఆ రోజు క్లాసులో చెప్పాల్సింది. ఇప్పుడు మీ ద్వారా చెబుతున్నాను. దయచేసి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

కుండకు గుణం, కప్పుకు లోపం

వేసవిలో కొత్త కుండ కొని నీళ్లు పోస్తే కాసేపటికి బయట చెమట పట్టినట్టు తడి కనిపిస్తుంది. దాన్ని చూసి కుండ కారుతోందని ఎవరూ తిరిగి ఇచ్చేయరు. "బాగా చల్లబరుస్తుంది" అని సంతోషిస్తాం. కుండ గోడలో కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీరు మెల్లగా పైకి వచ్చి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని లోపలి నీళ్ల నుంచే తీసుకుంటుంది. అందుకే కుండలో నీళ్లు చల్లబడతాయి.

పాప చేసిన కప్పులో జరిగింది కూడా ఇదే. అదే మట్టి, అవే రంధ్రాలు. నీళ్ల కుండకు గుణమైనది కాఫీ కప్పుకు లోపంగా కనిపించింది. రైల్వే స్టేషన్‌లో మట్టి కప్పులో టీ తాగినప్పుడు మనకు ఈ ఇబ్బంది తెలియదు. ఎందుకంటే ఆ టీ ఐదు నిమిషాల్లో అయిపోతుంది, కప్పు పారేస్తాం. 2004లో రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ యాదవ్ స్టేషన్లలో మట్టి కప్పులు వాడాలని చెప్పినప్పుడు కూడా అవి ఒక్కసారి వాడే కప్పులే. రంధ్రాల్లోకి పాలు, చక్కెర ఇంకిన కప్పును కడిగి రేపు మళ్లీ వాడటం కుదరదు. లోపల ఇంకినది పులుస్తుంది, వాసన వస్తుంది.

మరి పదేళ్లపాటు రోజూ కాఫీ తాగగల మట్టి మగ్గు ఉంటుందా? ఉంటుంది. అదీ చేత్తో చేసి కట్టెల మంటలో కాల్చిందే. తేడా అంతా ఏ మట్టి, ఎంత వేడి అన్నదాంట్లో ఉంది.

మంటలో మట్టికి ఏమవుతుంది?

పిల్లలు ఏడో తరగతిలో భౌతిక మార్పు, రసాయన మార్పు చదువుతారు. ఆ పాఠానికి మట్టి కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మెట్టు మెట్టుగా చూద్దాం.

100 డిగ్రీల సెల్సియస్ వరకు: మట్టి రేణువుల మధ్య మిగిలిన తడి ఆవిరవుతుంది. ఈ దశలో తొందరపడితే ఆవిరి బయటికి రావడానికి దారి దొరక్క కప్పు ఫట్‌మని పేలిపోతుంది. మట్టిలో గాలి బుడగ ఉంటే పేలుతుందని చాలామంది అంటారు. అసలు దోషి తడి. అందుకే కుమ్మరులు కుండలను ముందు నీడలో, తర్వాత ఎండలో బాగా ఆరబెడతారు. మంట కూడా మొదట సన్నగానే పెడతారు.

సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య: మట్టి ఖనిజంలోనే రసాయనికంగా కలిసి ఉన్న నీరు విడిపోతుంది. ఇక్కడే మట్టి మట్టిగా ఉండటం మానేస్తుంది. కాలని పచ్చి కుండను నీళ్లలో వేస్తే కరిగి మళ్లీ బురదవుతుంది. ఈ మెట్టు దాటిన పెంకును వందేళ్లు నీళ్లలో ఉంచినా బురద కాదు. ఎండబెట్టడం భౌతిక మార్పు, కాల్చడం రసాయన మార్పు.

573 డిగ్రీల దగ్గర: మట్టిలోని ఇసుక రేణువులు, అంటే క్వార్ట్జ్ స్ఫటికాలు, ఒక్కసారిగా కొంచెం ఉబ్బుతాయి. చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర మళ్లీ కుంచించుకుంటాయి. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా ఇక్కడ తొందరపడితే పాత్ర చీలుతుంది.

700 నుంచి 900 డిగ్రీలు: మన ఊళ్లలో కుమ్మరి ఆవం సాధారణంగా చేరే వేడి ఇది. కుండలు పేర్చి, కట్టెలు, పిడకలు, గడ్డి పెట్టి, పైన పెంకులతోనో మట్టితోనో కప్పి కాలుస్తారు. ఇక్కడ రేణువులు అంచుల దగ్గర ఒకదానికొకటి అతుక్కుంటాయి గానీ మధ్యలో ఖాళీలు మిగులుతాయి. నీళ్ల కుండకు కావలసింది ఇదే. మన ఐరేని కుండలు, దీపావళి ప్రమిదలు, కుండీలు అన్నీ ఈ కోవవే. పిల్లల కప్పులు కూడా ఇక్కడే ఆగాయి.

1,200 నుంచి 1,300 డిగ్రీలు: ఇక్కడ మట్టిలో కొంత భాగం కరిగి గాజులా మారి రంధ్రాలను నింపేస్తుంది. చల్లారాక పాత్ర రాయిలా గట్టిపడుతుంది. దీన్నే స్టోన్‌వేర్ అంటారు. లోపల గాజు పూత లేకపోయినా నీరు దాదాపు ఇంకదు. ఈ వేడి ఎంతో ఊహించుకోవడానికి ఒక్క పోలిక: బంగారం 1,064 డిగ్రీలకు కరిగిపోతుంది. అంటే ఆ బట్టీలో మగ్గు పక్కన ఉంగరం పెడితే మగ్గు మిగులుతుంది, ఉంగరం మిగలదు.

"అయితే మన చెరువు మట్టినే ఇంకాస్త ఎక్కువ కాల్చొచ్చు కదా?" అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. మన చెరువు మట్టిలో ఇనుము, తక్కువ వేడికే కరిగే ఇతర ఖనిజాలు ఎక్కువ. అంత వేడికి తీసుకెళ్తే చాలా రకాలు ఉబ్బి, వంగి, కూలిపోతాయి. స్టోన్‌వేర్‌కు ఆ వేడికి తట్టుకునే మట్టి వేరేగా కావాలి. కాబట్టి మన కుమ్మరికి చేతకాక కుండ చెమ్మగిల్లుతోందని అనుకోకూడదు. తన మట్టికి తగిన పని తను చేశాడు. నీళ్లు చల్లబరచాల్సిన పాత్రకు నీళ్లు చల్లబరిచే గుణం ఇచ్చాడు.

కట్టెల బట్టీలో బూడిద చేసే పని

ఈ రోజుల్లో చాలా స్టోన్‌వేర్ కరెంటు బట్టీల్లో, గ్యాస్ బట్టీల్లో కాలుతుంది. అవి కూడా మంచి మగ్గులే. కట్టెల బట్టీలో మాత్రం అదనంగా ఒక వింత జరుగుతుంది.

కట్టె కాలితే బూడిద వస్తుంది. బట్టీలో గాలి లాగుడు బలంగా ఉంటుంది కాబట్టి ఆ బూడిద మంటతో పాటు ఎగిరి పాత్రల మీద వాలుతుంది. బూడిదలో సున్నం, పొటాష్ ఉంటాయి. మట్టిలో సిలికా ఉంటుంది. సిలికా ఒక్కటే కరగాలంటే 1,700 డిగ్రీల వరకు వేడి కావాలి. సున్నం, పొటాష్ తోడైతే అది 1,200 దాటిన దగ్గరే కరిగి గాజవుతుంది. అంటే ఎవరూ పూత పూయకుండానే మగ్గు భుజం మీద ఆకుపచ్చగానో తేనె రంగులోనో గాజు పూత ఏర్పడుతుంది. మంటకు ఎదురుగా ఉన్న వైపు బూడిద ఎక్కువ పడి మెరుస్తుంది. వెనక వైపు ముదురు గోధుమ రంగులో పొడిగా ఉంటుంది. మగ్గును చేతిలో తిప్పి చూస్తే మంట ఎటు నుంచి వచ్చిందో చెప్పవచ్చు.

చైనాలో కుమ్మరులు సుమారు 3,500 ఏళ్ల క్రితమే, షాంగ్ రాజుల కాలంలో, బూడిదతో ఏర్పడే గాజు పూతను వాడుకున్నారు. ఆ రకం బట్టీ విద్య కొరియా మీదుగా సుమారు 5వ శతాబ్దంలో జపాన్ చేరింది. జపాన్‌లోని ఒకాయామా ప్రాంతంలో బిజెన్ అనే మట్టి పాత్రలు ఇప్పటికీ పూత లేకుండానే, ఎర్ర పైన్ కట్టెలతో పదేసి రోజులు, అంతకు మించి కూడా కాలుస్తారు. కొన్ని పాత్రలకు గడ్డి చుట్టి పెడతారు. గడ్డిలోని పొటాష్ తగిలిన చోట మట్టి మీద ఎర్రని చారలు మిగులుతాయి. ఆ చారలే ఆ పాత్రకు అలంకారం.

ఇంకో సంగతి. బట్టీకి గాలి తగ్గించి కట్టె ఎక్కువ వేస్తే మంటకు ఆక్సిజన్ చాలదు. అప్పుడు మంట మట్టిలోని ఐరన్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది. ఎర్రగా కావలసిన మట్టి బూడిద రంగుకో నలుపుకో తిరుగుతుంది. మన ఊళ్లలో ఆవం మూసి పొగబెట్టి నల్ల కుండలు చేసేటప్పుడు ఇదే సూత్రం పనిచేస్తుంది, దాంతో పాటు పొగలోని మసి కూడా మట్టిలోకి ఎక్కుతుంది. పై తరగతుల్లో పిల్లలు చదివే ఆక్సీకరణం, క్షయకరణం ఇవే.

వేడి ఎంతైందో కట్టెల బట్టీలో ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవారు మంట రంగు చూస్తారు. 700 దగ్గర ముదురు ఎరుపు, 1,000 దగ్గర నారింజ, 1,250 దాటాక తెలుపు కలిసిన పసుపు. కచ్చితంగా తెలియడానికి చిన్న చిన్న శంకువులు పెడతారు. 1886లో జర్మనీకి చెందిన హెర్మన్ సెగర్ వీటిని తయారు చేశాడు. ఒక్కో శంకువు ఒక్కో వేడికి మెత్తబడి తల వంచుతుంది. బట్టీకి ఉన్న చిన్న కంతలోంచి చూసి, అనుకున్న శంకువు వంగిందంటే కట్టె వేయడం ఆపుతారు.

ఆపాక అసలు పరీక్ష మొదలవుతుంది. బట్టీ మూసి వదిలేయాలి. పెద్ద బట్టీ చల్లారడానికి రోజులు పడుతుంది. ఆత్రపడి తలుపు తీస్తే చల్లగాలి తగిలి పాత్రలు టక్ టక్‌మని చీలుతాయి. నెలల పని ఒక్క పూటలో పోతుంది. "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. కట్టెల బట్టీకి కట్టె చాలా కావాలి, పొగ వస్తుంది. కాబట్టి కట్టెతో కాల్చినదంతా పర్యావరణానికి మంచిదని పిల్లలకు చెప్పకండి. ఆ మగ్గు విలువ అది ఎన్నేళ్లు మన్నుతుందన్నదాంట్లో ఉంది. నెలకోసారి పారేసే కప్పుకు ఆ కట్టె దండగ. పదేళ్లు నిలిచే మగ్గుకు కొంత న్యాయం ఉంది.

మన పాప ప్రశ్నే ఇంగ్లండ్‌లో కూడా

కారే కప్పు సమస్య మన పాప ఒక్కదానిదే కాదు. పేరున్న కుమ్మరులు కూడా ఈ దారినే నడిచారు.

1920లో బెర్నార్డ్ లీచ్ అనే ఇంగ్లిష్ కుమ్మరి, షోజి హమాదా అనే జపాన్ కుమ్మరితో కలిసి ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో ఒక కుమ్మరి కేంద్రం మొదలుపెట్టాడు. జపాన్ పద్ధతిలో మెట్లు మెట్లుగా పైకి ఎక్కే కట్టెల బట్టీ అక్కడ కట్టారు. లీచ్ దగ్గర పని నేర్చుకున్న మైకేల్ కార్డ్యూ 1926లో వించ్‌కూంబ్ అనే ఊళ్లో మూతబడి ఉన్న పాత కుమ్మరి శాలను తీసుకున్నాడు. అతని కోరిక చిన్నది. అద్దాల బీరువాలో పెట్టే వస్తువులు కాకుండా, మామూలు సంపాదన ఉన్నవాళ్లు కొని రోజూ వంటింట్లో వాడుకునే జగ్గులు, గిన్నెలు, మగ్గులు చేయాలి. ఊరి మట్టితోనే, పాత సీసా ఆకారపు బట్టీలోనే వాటిని కాల్చాడు. చూడటానికి ముచ్చటగా ఉండేవి. కానీ తక్కువ వేడి మీద కాలిన మట్టి కాబట్టి రాయిలాంటి గట్టిదనం రాదు.

1936లో అక్కడ చేరిన రే ఫించ్ తర్వాత ఆ శాల బాధ్యత తీసుకుని, 1950ల నుంచి క్రమంగా స్టోన్‌వేర్ వైపు మళ్లాడు. ఆ తర్వాత కట్టెలతో కాల్చే స్టోన్‌వేర్ మగ్గులు, పళ్లేలు ఆ శాలకు గుర్తింపు అయ్యాయి. ఊరి మట్టి మీద ఎంత ప్రేమ ఉన్నా, రోజూ వాడే పాత్ర కావాలంటే మట్టీ మార్చాలి, వేడీ పెంచాలి అన్నది వాళ్లు పనిలో నేర్చుకున్న పాఠం.

మన దేశంలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించారు. చేత్తో చేసిన స్టోన్‌వేర్ పాత్రలకు ఆ ప్రాంతం పేరు పొందింది. అక్కడ నేర్చుకున్నవారు దేశంలో చాలా చోట్ల సొంతంగా పని చేస్తున్నారు. సెలవుల్లో పుదుచ్చేరి వెళ్లేవారు బీచ్‌తో పాటు ఒక కుమ్మరి శాలను కూడా పిల్లలకు చూపించండి.

లెక్క: 250 మిల్లీలీటర్ల మగ్గు కావాలంటే?

ఇది పిల్లలతో కూర్చుని చేయదగ్గ లెక్క. తడి మట్టి ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత కుంచించుకుపోతుంది. స్టోన్‌వేర్ మట్టి మొత్తం మీద సుమారు 12 శాతం తగ్గుతుందనుకుందాం.

తడి మగ్గు ఎత్తు 10 సెంటీమీటర్లు అయితే కాలాక 8.8 సెంటీమీటర్లు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఇప్పుడు అడగండి: తడిగా ఉన్నప్పుడు 250 మిల్లీలీటర్లు పట్టిన మగ్గు, కాలాక ఎంత పడుతుంది? చాలామంది పిల్లలు 12 శాతం తీసేసి 220 అంటారు. అది తప్పు. ఎత్తు, పొడవు, వెడల్పు మూడూ 12 శాతం తగ్గుతాయి. కాబట్టి 0.88ను మూడుసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.68. అంటే మగ్గులో పట్టేది దాదాపు 170 మిల్లీలీటర్లే.

తిరగేసి చేస్తే, కాలాక 250 పట్టాలంటే తడి మగ్గు సుమారు 367 మిల్లీలీటర్లు పట్టేలా చేయాలి. కుమ్మరి సారె మీద చేసే మగ్గు మన కళ్లకు ఎప్పుడూ కాస్త పెద్దదిగా కనిపించేది ఇందుకే. ఘనపరిమాణం పాఠాన్ని పుస్తకంలో పది లెక్కలు చేసి మర్చిపోయిన పిల్లలు దీన్ని మర్చిపోరు. చిన్న మగ్గు ఇంటికి వచ్చినప్పుడు వాళ్ల సొంత అనుభవం అవుతుంది.

ఇంట్లో చేసి చూడండి

మొదటి ప్రయోగం: రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోయండి. ఒకదాంట్లో బాగా ఎండిన పచ్చి మట్టి ముద్ద, రెండోదాంట్లో పగిలిన కుండ పెంకు వేయండి. మట్టి ముద్ద కొద్ది నిమిషాల్లో విడిపోవడం మొదలుపెడుతుంది. పెంకు అలాగే ఉంటుంది. భౌతిక మార్పు, రసాయన మార్పు పక్కపక్కనే కనిపిస్తాయి.

రెండో ప్రయోగం: వంటింటి డిజిటల్ తూకం ఉంటే చాలు. క్రాఫ్ట్ వీక్ కప్పును పూర్తిగా ఆరబెట్టి తూచండి. 24 గంటలు నీళ్లలో ముంచి ఉంచండి. తీసి, గుడ్డతో పైతడి తుడిచి మళ్లీ తూచండి. పెరిగిన బరువును మొదటి బరువుతో భాగించి 100తో గుణించండి. ఉదాహరణకు 300 గ్రాముల కప్పు 339 గ్రాములైతే 13 శాతం నీరు పీల్చుకున్నట్టు. ఇప్పుడు ఇంట్లో ఉన్న మంచి స్టోన్‌వేర్ మగ్గునో పింగాణీ మగ్గునో అలాగే చేయండి. 320 గ్రాములది 323 అయితే ఒక్క శాతం కూడా కాదు. తక్కువ వేడికి కాలిన మట్టి 10 శాతం, అంతకు మించి పీలుస్తుంది. బాగా కాలిన స్టోన్‌వేర్ సాధారణంగా 3 శాతం లోపే ఉంటుంది. పిల్లలు ఈ అంకెలను సైన్స్ నోట్‌బుక్‌లో రాసి తీసుకురావాలి.

మూడో ప్రయోగం: రెండింటినీ వేలి కణుపుతో తట్టండి. సంతలో అమ్మమ్మలు కుండ కొనేముందు తట్టినట్టే. గట్టిగా కాలినది ఖంగుమంటుంది. సరిగ్గా కాలనిది, పగులు ఉన్నది బొదబొదమంటుంది.

కొనేముందు, వాడేటప్పుడు

ఈ భాగాన్ని దయచేసి జాగ్రత్తగా చదవండి. ఇది పిల్లల ఆరోగ్యానికి సంబంధించినది.

• పిల్లలు ఇంట్లో గానీ క్లాసులో గానీ ఆక్రిలిక్ రంగులు, ఎనామెల్ రంగులు, వార్నిష్ వేసిన కప్పుల్లో ఏమీ తాగకూడదు. లోపల వేయకపోయినా, పెదవి తగిలే అంచుకు వేసినా అంతే. అవి అలంకారానికి మాత్రమే.

• తక్కువ వేడికి కరిగే గాజు పూతల కోసం పూర్వం చాలా దేశాల్లో సీసం వాడేవారు. కొన్ని చోట్ల ఇప్పటికీ వాడుతున్నారు. పుల్లని పదార్థాలు తగిలితే అలాంటి పూతలోంచి సీసం ఆహారంలోకి దిగుతుంది. మన ఇంట్లో చారు, మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు అన్నీ పుల్లనివే. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు పరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఎవరు చేశారో, ఏ పూత వేశారో తెలియని మెరిసే మట్టి కప్పులను, పాత కప్పులను తాగడానికి వాడకండి.

• అమ్మేవారిని మూడు ప్రశ్నలు అడగండి. ఎంత వేడికి కాల్చారు? పూతలో సీసం ఉందా? పుల్లని పానీయాలు పోయవచ్చా? తన పని తెలిసిన కుమ్మరి వీటికి తడుముకోకుండా జవాబు చెబుతాడు.

• పూత మీద నిమ్మ చెక్కను రాత్రంతా ఉంచి చూడవచ్చు. ఉదయానికి రంగు మారినా, మెరుపు పోయినా ఆ కప్పు తాగడానికి పనికిరాదు. మారకపోయినంత మాత్రాన సీసం లేదని అర్థం కాదు. అది ల్యాబ్ పరీక్షలోనే తేలుతుంది.

• మగ్గును బోర్లించి అడుగు చూడండి. కట్టెల బట్టీలో కాలిన వాటి అడుగున తరచు మూడు నాలుగు చిన్న గుండ్రటి మచ్చలుంటాయి. కరిగిన బూడిదకు పాత్ర అరకు అతుక్కోకుండా కింద పెట్టిన మట్టి ఉండల గుర్తులు అవి. లోపం కాదు. అయితే అడుగు గరుకుగా లేకుండా నున్నగా రుద్ది ఉండాలి, లేకపోతే డైనింగ్ టేబుల్ గీసుకుపోతుంది.

• పూత లేని చోట ఒక్క నీటి చుక్క వేయండి. చుక్క అలాగే నిలిస్తే మట్టి బాగా కాలినట్టు. వెంటనే ఇంకిపోతే అది రోజువారీ మగ్గు కాదు.

• హ్యాండిల్‌లో వేళ్లు హాయిగా పట్టాలి. వేడి కాఫీ పోసినప్పుడు వేళ్ల వెనక భాగం మగ్గు గోడకు తగలకూడదు. హ్యాండిల్ అతికిన చోట సన్నని పగులు కనిపిస్తే కొనకండి. మగ్గు ఒంటి తడి, హ్యాండిల్ తడి సమానంగా లేకుండా అతికిస్తే ఆరేటప్పుడు అక్కడే చీలుతుంది. వేడి కాఫీతో పిల్లల చేతిలో ఊడొచ్చేది కూడా అదే.

• ఫ్రిజ్‌లోంచి తీసిన మగ్గులో మరిగే నీళ్లు పోయకండి. నీరు పీల్చిన మట్టి పాత్రను మైక్రోవేవ్‌లో పెట్టకండి. లోపలి నీరు వేడెక్కి పాత్ర చెయ్యి కాలేలా అవుతుంది, పగలవచ్చు కూడా. ఏ మట్టి మగ్గునైనా కడిగాక పూర్తిగా ఆరనిచ్చి అలమరలో పెట్టండి.

పిల్లలను అడగండి

1. నీళ్ల కుండను స్టోన్‌వేర్‌తో చేస్తే వేసవిలో నీళ్లు అంతే చల్లగా ఉంటాయా? ఎందుకు?

2. ఒకే బట్టీలో, ఒకే మట్టితో చేసిన రెండు మగ్గులు రెండు రంగుల్లో ఎందుకు వస్తాయి?

3. మన మట్టి 10 శాతం తగ్గుతుందనుకుంటే, కాలాక 200 మిల్లీలీటర్లు పట్టే మగ్గు తడిగా ఉన్నప్పుడు ఎంత పట్టాలి?

4. ఎండిన మట్టిని మళ్లీ తడిపి కొత్త కప్పు చేయవచ్చు. కాలిన కప్పు పగిలితే ఎందుకు చేయలేం?

జవాబులు మీరు చెప్పేయకండి. తప్పు జవాబు వచ్చినా సరే, "ఎలా తెలుసు?" అని మాత్రం అడగండి.

మళ్లీ ఆ కప్పు దగ్గరికి

ఆ రోజు మీటింగ్ తర్వాత పాపను పిలిచి, తన కప్పును తూకం మీద పెట్టించాను. మర్నాడు నీళ్లలోంచి తీసి మళ్లీ తూచింది. శాతం లెక్క తనే కట్టింది. తర్వాత స్టాఫ్ రూమ్‌లోని పింగాణీ మగ్గును తూచింది. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని కాసేపు చూసి, "అయితే నా కప్పు పాడవలేదు మేడమ్, ఇంకా కాలాలి అంతే" అంది. మన చెరువు మట్టి కాబట్టి ఇంకా కాలిస్తే కూలిపోతుందని అప్పుడు చెప్పాను. "అయితే దీన్ని కుండలా వాడొచ్చు" అని తనే దారి వెతుక్కుంది. ఇప్పుడు ఆ కప్పులో నీళ్లు పోసి, పక్కన స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, థర్మామీటర్‌తో గంటగంటకూ రాస్తోంది. సైన్స్ ఫెయిర్‌కు అదే తన ప్రాజెక్ట్.

ఫీజు కట్టిన అమ్మగారి ప్రశ్నకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇదే. కారని కప్పు కావాలంటే బజారులో దొరుకుతుంది. కప్పు కారినప్పుడు, తప్పు నాదా, మట్టిదా, మంటదా అని కొలిచి తేల్చుకునే అలవాటు మాత్రం బజారులో దొరకదు. అది అలవడకపోతే రేపు ఒక పరీక్షలో మార్కులు తగ్గినప్పుడు కూడా పిల్లలు ఆన్సర్ షీట్‌ను అల్మారా వెనకే దాస్తారు.

వచ్చే క్రాఫ్ట్ వీక్ నుంచి మేము మూడు మార్పులు చేస్తున్నాం. ప్రతి మట్టి వస్తువు వెంట అది దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో రాసిన చీటీ వస్తుంది. పిల్లలు కప్పులకు బదులు తక్కువ వేడికి తగిన వస్తువులు, అంటే కుండీలు, ప్రమిదలు, పక్షులకు నీళ్లు పెట్టే మూకుళ్లు చేస్తారు. కాల్చక ముందు, కాల్చాక కొలతలు తీసి రాస్తారు.

ఇక ఇప్పటికే మీ ఇంటికి వచ్చిన కప్పును పారేయకండి. అడుగున చిన్న పళ్లెం పెట్టి పెన్నులు వేసుకోవచ్చు, కొత్తిమీర విత్తనాలు చల్లవచ్చు. ఎక్కడైనా దాచి ఉంటే ముందు బయటికి తీయించండి. తీశాక పిల్లల చేతికే తూకం ఇవ్వండి.